చిన్న కంప్యూటర్లకు కరెంటు సరఫరా - సంఘాలు తెలుసుకోవలసిన లెక్క

(సభ్య సంఘాల పాఠం)

సభ్యులారా,

తూకం సరిగా ఉందా, వెన్న శాతం సరిగా కట్టారా అని పాల సంఘంలో అడగడం మన హక్కు. ఇకమీదట మూడో ప్రశ్న కూడా అడగడం నేర్చుకోవాలి. "మన నమోదు యంత్రానికి కరెంటు సరిగా అందుతోందా?" అన్నదే ఆ ప్రశ్న. ఇది అడగనందువల్ల ఒక సంఘంలో ఏమి జరిగిందో ముందు చెప్పి, తరువాత పాఠంలోకి వస్తాను.

జరిగిన సంగతి

నా తనిఖీ పరిధిలోని ఒక సంఘంలో ఒక సభ్యురాలు సాయంత్రం పూట పోసిన 4 లీటర్ల 600 మిల్లీలీటర్ల పాలు పక్షం బిల్లులో చేరలేదు. ఆమె చీటీ పట్టుకుని వచ్చింది. "పాలు నా గేదెవి, చీటీ నా చేతిలో ఉంది. మరి డబ్బు ఎవరి దగ్గరుందయ్యా?" అని అడిగింది. ఆమె వెనుక మరి ఇద్దరు అలాంటి చీటీలతోనే వచ్చారు. కార్యదర్శి తినేశాడని ఊళ్లో మాట పుట్టింది. నాకు అర్జీ వచ్చింది. నేను వెళ్లేసరికి కార్యదర్శి తాళాల గుత్తి బల్ల మీద పెట్టి, "సార్, లెక్క తేలేదాకా నేను ఈ కుర్చీలో కూర్చోను" అన్నాడు.

రెండు నెలల చీటీలు తెప్పించి రోజువారీ నమోదుతో సరిచూశాను. మొత్తం 14 పద్దులు కనిపించలేదు. అయితే అవి ఎక్కడా ఒంటరిగా పోలేదు. వరుసలో పక్కపక్కన నిలబడిన ఇద్దరివో ముగ్గురివో కలిసి పోయాయి. అన్నీ సాయంత్రం పూటవే. పోయిన ప్రతి చోటా ఆ తరువాత రెండు నిమిషాలు ఏ నమోదూ లేదు. ఇంత క్రమంగా దొంగిలించే దొంగను నా ఉద్యోగంలో నేను చూడలేదు.

ఆ సాయంత్రం కౌంటరు దగ్గరే నిలబడ్డాను. సభ్యులకు లీటర్లు, వెన్న చూపే తెర వెలుగుతోంది. కార్యదర్శి లెక్కల నకలు తీయడానికి పెన్ డ్రైవ్ పెట్టాడు. తెర మూలన పసుపు రంగులో చిన్న మెరుపు గుర్తు కనిపించింది. మరుక్షణం తెర నల్లబడింది. నిమిషం దాటాక యంత్రం మళ్లీ లేచింది. అంతకు ముందే చీటీలు వచ్చిన ఇద్దరి పద్దులు అందులో లేవు.

కారణం ఇది. ఈ యంత్రం పద్దును ముందు తన తాత్కాలిక జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. కొద్ది సేపటికి కార్డు మీద రాస్తుంది. ఆ మధ్యలో కరెంటు తగ్గి యంత్రం పడిపోతే చీటీ బయటికి వస్తుంది గాని పద్దు మిగలదు.

ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూశాడు. చార్జరు దగ్గర 5 వోల్టులు, యంత్రం దగ్గర 4.4 వోల్టులు. నాలుగు యంత్రాలకు కలిపి వాడుతున్నది నాలుగు రంధ్రాల సెల్‌ఫోన్ చార్జరు. దాని బిల్లును అంతకు ముందు తనిఖీలో పాస్ చేసినది నేనే. మూడు కొటేషన్లలో అన్నిటికంటే తక్కువ ధర అని చూశాను, ఇంకే ప్రశ్నా అడగలేదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. చీటీల ప్రకారం ముగ్గురికీ, మిగిలినవారికీ డబ్బు చెల్లించారు. కార్యదర్శి తాళాలు తిరిగి తీసుకున్నాడు. అతని మీద పడిన మాటను వెనక్కి తీసుకోవడానికి మాత్రం ఏ రిజిస్టరులోనూ గడి లేదు. అందుకే ఈ పాఠం.

ఈ చిన్న కంప్యూటరు ఏమిటి?

ఒకే పలక మీద మొత్తం కంప్యూటరు అమర్చి ఉన్న దానిని సింగిల్ బోర్డు కంప్యూటరు అంటారు. వీటిలో ఎక్కువ మందికి తెలిసినది రాస్ప్‌బెర్రీ పై. ఇది బ్రిటన్‌లో రూపొంది 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చింది. మామూలు మోడలు పొడవు 85, వెడల్పు 56 మిల్లీమీటర్లు. అంటే పోస్టుకార్డు కంటే చిన్నది. తూకం యంత్రం, పాల ఎనలైజరు చెప్పే అంకెలు అందుకోవడానికీ, తెర నడపడానికీ, బల్క్ కూలరులో పాలు 4 డిగ్రీల దగ్గర నిలిచాయా లేదా రాసిపెట్టడానికీ ఇటువంటి బోర్డులు పనికివస్తాయి.

ఈ బోర్డుకు కావలసినది 5 వోల్టుల డి.సి. కరెంటు. గోడ మీది 230 వోల్టులను 5 వోల్టులుగా మార్చి ఇచ్చే పెట్టెనే పవర్ సప్లై అంటాము. ఒక్క బోర్డు ఉంటే దానితో వచ్చే అడాప్టరు చాలు. మూడు, నాలుగు బోర్డులు చేరినప్పుడే చిక్కు మొదలవుతుంది.

వోల్టు, ఆంపియరు, వాట్టు

కాలువ నీటితో పోల్చి చూడండి. నీటిని తోసే మట్టం వోల్టు. ప్రవహించే పరిమాణం ఆంపియరు. రెండింటినీ హెచ్చవేస్తే వచ్చేది వాట్టు. బోర్డులన్నీ పక్కపక్కన ఒకే సరఫరాకు కలిపినప్పుడు వోల్టులు అందరికీ ఒకటే, ఆంపియర్లు మాత్రం కూడుతూ పోతాయి. నాలుగు చేలకు ఒకే తూము పెడితే తూము పెద్దది కావాలి గాని మట్టం పెంచనక్కరలేదు. మట్టం పెంచితే గట్లు తెగుతాయి. అలాగే 5 వోల్టుల బోర్డుకు 12 వోల్టులు తగిలితే బోర్డు కాలిపోతుంది.

సరఫరా ఆంపియర్లు ఎక్కువైతే బోర్డుకు ప్రమాదమేమో అని కొందరు భయపడతారు. అది అనవసరం. బోర్డు తనకు కావలసినంతే తీసుకుంటుంది. ప్రమాదం తీగలకు ఉంది. ఆ సంగతి తరువాత చెబుతాను.

మొదటి లెక్క: ఆంపియర్ల కూడిక

ఒక్కో మోడలుకు ఎంత సామర్థ్యం గల సరఫరా వాడాలో తయారీదారులు చెబుతారు. మన సంఘంలో నాలుగు బోర్డులు ఉన్నాయనుకోండి.

పాలు నమోదు చేసే బోర్డు, పై 4: 3 ఆంపియర్లు
లెక్కలు భద్రపరచే బోర్డు, పై 4: 3 ఆంపియర్లు
సభ్యుల తెర నడిపే బోర్డు, పై 3: 2.5 ఆంపియర్లు
కూలరు ఉష్ణోగ్రత రాసే బోర్డు, పై జీరో 2 డబ్ల్యు: 2.5 ఆంపియర్లు
మొత్తం: 11 ఆంపియర్లు

దీనిపై నాలుగో వంతు అదనంగా ఉంచాలి. 11కు 2.75 కలిపితే 13.75 ఆంపియర్లు. అంతకు పైన బజారులో దొరికే సైజు తీసుకోవాలి. ఎప్పుడూ నిండా బరువు మోసే సరఫరా వేడెక్కి త్వరగా పాడవుతుంది. ఎద్దుల బండికైనా ఇదే న్యాయం.

పై 4 బోర్డు దేనితోనూ కలపకుండా పని చేస్తున్నప్పుడు సగటున తీసుకునేది 0.6 ఆంపియరు మాత్రమే. మరి 3 ఎందుకు? పెన్ డ్రైవ్, కీబోర్డు వంటివి తగిలించినప్పుడు వాటి మేత కూడా బోర్డే పెట్టాలి. పని ఒక్కసారిగా మీద పడినప్పుడు కరెంటు ఎగసిపోతుంది. కాబట్టి సరఫరాను ఎన్నుకునేటప్పుడు గరిష్ఠం చూడాలి. బ్యాటరీని ఎన్నుకునేటప్పుడు సగటు చూడాలి. ఈ తేడా గుర్తు పెట్టుకోండి.

2023లో వచ్చిన పై 5 సంగతి వేరు. దానికి 5 వోల్టుల వద్ద 5 ఆంపియర్ల సరఫరా కావాలి. "65 వాట్ల లాప్‌టాప్ చార్జరు పెట్టాము గదా, ఇంకేమి లోటు?" అని అడుగుతారు. ఆ 65 వాట్లు 20 వోల్టుల వద్ద ఇచ్చేవి. అటువంటి చార్జర్లు 5 వోల్టుల వద్ద సాధారణంగా 3 ఆంపియర్లే ఇస్తాయి. అప్పుడు పై 5 పని చేస్తుంది గాని, తనకు తగిలించిన సామానుకు అన్నిటికీ కలిపి 0.6 ఆంపియరు మించి ఇవ్వదు.

రెండో లెక్క: తీగలో పోయే నష్టం

మన సంఘాల్లో ఎక్కువ మంది మరిచిపోయేది ఈ లెక్కనే. తూము దగ్గర నీరు నిండుగా ఉంటుంది. శివారు చేనుకు మాత్రం అందదు. తీగలో కూడా అంతే. తీగ సన్నమైన కొద్దీ, పొడవైన కొద్దీ, ఆంపియర్లు పెరిగిన కొద్దీ వోల్టులు దారిలో తగ్గిపోతాయి.

సరఫరా దగ్గర 5.1 వోల్టులు ఉన్నాయి, బోర్డు 1 మీటరు దూరంలో ఉంది, 2 ఆంపియర్లు తీసుకుంటోంది అనుకోండి. కరెంటు పోవడానికి ఒక మీటరు, తిరిగి రావడానికి ఒక మీటరు, రెండు మీటర్ల రాగి తీగ లెక్కలోకి వస్తుంది. బోర్డు దగ్గర మిగిలేది సుమారుగా ఇది.

0.08 చదరపు మి.మీ. తీగ (చౌక యు.ఎస్.బి. తీగలలో ఉండేది): 4.24 వోల్టులు
0.2 చదరపు మి.మీ. తీగ: 4.76 వోల్టులు
0.75 చదరపు మి.మీ. తీగ: 5.01 వోల్టులు
1.5 చదరపు మి.మీ. తీగ: 5.05 వోల్టులు

రాస్ప్‌బెర్రీ పై బోర్డు 4.63 వోల్టుల దగ్గర తక్కువ వోల్టేజి హెచ్చరిక చూపుతుంది. నేను ఆ సాయంత్రం చూసిన మెరుపు గుర్తు అదే. చార్జరు ఎంత మంచిదైనా తీగ సన్నమైతే ఫలితం ఇంతేనని పై అంకెలే చెబుతున్నాయి. తీగలు పొట్టిగా, లావుగా ఉండాలి. మిగిలిన తీగను చుట్ట చుట్టి వేలాడదీయడం మంచి అలవాటు కాదు.

నాలుగు పద్ధతులు

1. బోర్డుకొక అడాప్టరు. రెండు, మూడు బోర్డుల సంఘానికి ఇదే సులువు. ఒకటి చెడినా మిగిలినవి నడుస్తాయి. మార్చడానికి ఎలక్ట్రీషియన్ అక్కరలేదు. లోపమల్లా ప్లగ్గులు పెరగడం. వదులైన ఎక్స్‌టెన్షన్ బోర్డుకు నాలుగు అడాప్టర్లు వేలాడదీస్తే ఒక్క కుదుపుకు అన్నీ పడిపోతాయి. గోడకు బిగించిన సాకెట్లు పెట్టించాలి.

2. అనేక రంధ్రాల చార్జరు. దీనిని నేను సిఫారసు చేయను. ఒక్కో రంధ్రానికి 2.4 ఆంపియర్లు అని రాసి, కింద చిన్న అక్షరాలలో మొత్తం 4.8 అని రాస్తారు. నాలుగు రంధ్రాలకు కలిపి పంచేది ఆ 4.8 మాత్రమే. పైగా కొన్ని కొత్త రకం చార్జర్లు ఒక రంధ్రంలో ఏదైనా తగిలించినప్పుడు పంపకం మళ్లీ లెక్క వేసుకోవడానికి అన్ని రంధ్రాలకూ ఒక క్షణం కరెంటు ఆపుతాయి. ఫోనుకు ఆ క్షణం లెక్కలేదు. పాలు నమోదు చేసే బోర్డుకు ఆ క్షణమే ప్రాణం మీదికి వస్తుంది.

3. ఒకే పెద్ద 5 వోల్టుల సరఫరా. ఇనుప జాలీ పెట్టెలో వచ్చే ఎస్.ఎం.పి.ఎస్. ఇది. మన లెక్కకు 5 వోల్టుల 20 ఆంపియర్ల సైజు సరిపోతుంది. బోర్డులన్నీ ఒకే పెట్టెలో, అర మీటరు లోపు దూరంలో ఉంటే ఇది మంచి పద్ధతి. అయితే ప్రతి బోర్డుకూ వేరే ఫ్యూజు తప్పనిసరి. ఒక తీగ ఎక్కడైనా రాసుకుపోయి షార్ట్ అయితే 20 ఆంపియర్లూ ఆ ఒక్క సన్న తీగలో పారి అది కాలిపోతుంది. సరఫరాకు అది మామూలు బరువుగానే కనిపిస్తుంది కాబట్టి అది ఆగదు. ఫ్యూజు ఒక్కటే కాపాడుతుంది.

4. 12 వోల్టుల బ్యాటరీ, బోర్డు దగ్గర మార్పిడి. చార్జరుతో ఎప్పుడూ నిండుతూ ఉండే 12 వోల్టుల బ్యాటరీ నుంచి తీగలు లాగి, ప్రతి బోర్డు పక్కనే 12 వోల్టులను 5 వోల్టులుగా మార్చే చిన్న కన్వర్టరు పెట్టడం. సరిగ్గా పాలు పోసే వేళకే కరెంటు పోయే ఊళ్లకు నేను చెప్పేది ఇదే.

దీనిలో తీగ నష్టం బాధ కూడా తీరుతుంది. 10 వాట్ల బోర్డు 5 మీటర్ల దూరంలో కూలరు గదిలో ఉందనుకోండి. 0.75 చదరపు మి.మీ. తీగలో 5 వోల్టుల దారిన పంపితే 2 ఆంపియర్లు పారి 0.46 వోల్టు దారిలో పోతుంది. 5.1 కాస్తా 4.64 అవుతుంది. హెచ్చరికకు వెంట్రుకవాసి దూరం. అదే 12 వోల్టుల దారిన పంపితే, కన్వర్టరు నష్టం కలుపుకున్నా పారేది 1 ఆంపియరే. దారిలో పోయేది 0.23 వోల్టు. 12లో అంత తగ్గినా కన్వర్టరు బోర్డుకు 5 వోల్టులే ఇస్తుంది.

నెట్‌వర్కు తీగలోనే కరెంటు కూడా పంపే ఐదో పద్ధతి ఒకటి ఉంది. దానికి ప్రత్యేక పరికరాలు కావాలి. శీతలీకరణ కేంద్రాలకు సరిపోతుంది గాని గ్రామ సంఘానికి అవసరం లేదు.

బ్యాటరీ ఎంత కావాలి?

ఇక్కడ సగటు చూడాలని చెప్పాను. నాలుగు బోర్డులు, వాటి సామాను కలిపి సగటున 5 వోల్టుల వద్ద 4 ఆంపియర్లు, అంటే 20 వాట్లు తీసుకుంటున్నాయనుకుందాము. కన్వర్టరులో కొంత వేడిగా పోతుంది. నూటికి 85 పాళ్లు పనికి వస్తుందనుకుంటే బ్యాటరీ ఇవ్వవలసినది 23.5 వాట్లు. 12తో భాగిస్తే సుమారు 2 ఆంపియర్లు. 3 గంటలు నడవాలంటే 6 ఆంపియర్-గంటలు. సీసపు బ్యాటరీని సగానికి మించి దించితే దాని ఆయుష్షు తగ్గుతుంది. కాబట్టి 12 ఆంపియర్-గంటలు కావాలి. పాతబడే కొద్దీ శక్తి తగ్గుతుంది గనుక 20కి తక్కువ కాకుండా తీసుకోండి.

ఈ లెక్కలో తూకం యంత్రం, ఎనలైజరు, ప్రింటరు, తెర చేరలేదు. వాటిని కూడా అదే బ్యాటరీ మీద నడపదలిస్తే వాటి వాట్లు కూడా కలిపి మళ్లీ లెక్క వేయాలి. లెక్క వేయకుండా తగిలించరాదు. ప్రింటరుకు కరెంటు బోర్డు నుంచి ఎప్పుడూ తీయవద్దు.

బ్యాటరీ 11 వోల్టులకు దిగకముందే నమోదులు భద్రపరచి బోర్డులను వాటి పద్ధతి ప్రకారం మూసివేయాలి. స్విచ్చి కట్టేయడం మూసివేయడం కాదు. రాస్తుండగా కలం లాక్కున్నట్లు అవుతుంది. పద్దు పోవడమే కాక కార్డు కూడా చెడవచ్చు.

బిగించేటప్పుడు జాగ్రత్తలు

పాల గది తడి గది. క్యాన్లు కడిగిన నీరు గోడ మీద ఎంత ఎత్తు వరకు చిందుతుందో చూసి, దానికి పైన సరఫరా పెట్టె బిగించాలి. గాలి ఆడాలి, కాని బల్లులు, చీమలు దూరకుండా సన్నని వల ఉండాలి.

ఎస్.ఎం.పి.ఎస్. ఒక వైపు 230 వోల్టులు ఉంటాయి. ఆ పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. ఎర్త్ తీగ తప్పక కలపాలి. "ఎర్త్ లేకపోయినా నడుస్తోంది గదా" అనేవారి మాట వినవద్దు. తడి చేతులతో పెట్టె తాకేది మన సభ్యులే.

ఒకే బోర్డుకు రెండు దారుల నుంచి కరెంటు ఇవ్వరాదు. పిన్నుల వరుస దారిన కరెంటు ఇస్తామని కొందరు మెకానిక్కులు అంటారు. పాత మోడళ్లలో ఆ దారిన ఇస్తే బోర్డు మీది రక్షణ ఫ్యూజు పక్కకు తప్పిపోతుంది. ప్లస్సు, మైనస్సు తారుమారైతే బోర్డు దక్కదు. వీలైనంత వరకు బోర్డుకు ఏర్పాటైన రంధ్రం ద్వారానే ఇవ్వండి.

పరీక్ష చేయడం

బోర్డులు కలపక ముందే ఎస్.ఎం.పి.ఎస్. మీది చిన్న స్క్రూతో వోల్టులు 5.1కి సరిచేయించండి. 5.25 ఎప్పుడూ దాటకూడదు. తరువాత బోర్డులు కలిపి, సాయంత్రం పాల వేళలో, అన్నీ నడుస్తుండగా, పెన్ డ్రైవ్ కూడా పెట్టి, మీటరుతో కొలవాలి. ఖాళీగా ఉన్నప్పుడు ఏ సరఫరా అయినా మంచిదే. బరువు మీద పడినప్పుడే దాని గుణం తెలుస్తుంది.

కొలవవలసింది బోర్డు దగ్గర. 40 పిన్నుల వరుసలో 2వ పిన్ను 5 వోల్టులు, 6వ పిన్ను గ్రౌండు. మీటరు మొనలు జారి పక్క పిన్నును తాకితే బోర్డు పోతుంది. చేయి తిరిగినవారే కొలవాలి. 4.75 వోల్టులకు తక్కువ వస్తే తీగ మార్చాలి, లేదా సరఫరా మార్చాలి. ఆ అంకెను, తేదీని తనిఖీ పుస్తకంలో రాసి సంతకం చేయండి. ఆరు నెలలకొకసారి మళ్లీ కొలవండి.

పాలకవర్గం తీర్మానంలో ఉండవలసినవి

"పవర్ సప్లై ఒకటి" అని రాసి కొటేషన్లు పిలిస్తే చౌకదే వస్తుంది. తీర్మానంలో ఈ అంశాలు రాయండి: బోర్డుల సంఖ్య, మోడళ్లు, కావలసిన వోల్టులు, మొత్తం ఆంపియర్లు, ఒక్కో దారికి ఫ్యూజు, తీగ మందం, పొడవు, బి.ఐ.ఎస్. గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్న అడాప్టరు, బ్యాటరీ ఆంపియర్-గంటలు, బిగించాక బోర్డు దగ్గర 4.75 వోల్టులకు తగ్గకుండా కొలిచి చూపాలన్న షరతు. ఈ చివరి షరతు నెరవేరిన తరువాతే బిల్లు చెల్లించాలి. ఇలా రాసుకుంటే మూడు కొటేషన్లూ ఒకే సరుకుకు వస్తాయి. అప్పుడు తక్కువ ధర చూడడంలో తప్పు లేదు.

సారాంశం

సరఫరాను దాని మీద అచ్చు వేసిన పెద్ద అంకెను బట్టి ఎన్నుకోవద్దు. బోర్డు దగ్గరకు చేరిన వోల్టులను బట్టి ఎన్నుకోండి. తెల్లవారుజామున లేచి పితికిన పాలు క్యానులో పడ్డాక సభ్యురాలికి మిగిలేది ఆ పద్దు ఒక్కటే. దానిని నిలబెట్టే కరెంటును చూసుకోవడం కూడా పాలకవర్గం బాధ్యతే.

మననం చేసుకోవలసిన ప్రశ్నలు

1. మీ సంఘంలో ఎన్ని బోర్డులు ఉన్నాయి? వాటి ఆంపియర్ల మొత్తం ఎంత?
2. సరఫరా నుంచి చాలా దూరంగా ఉన్న బోర్డు ఏది? దానికి వెళ్లే తీగ మందం ఎంత?
3. తెర మీద మెరుపు గుర్తు ఎప్పుడైనా కనిపించిందా? ఏ వేళలో?
4. పాలు పోసే వేళ కరెంటు పోతే నమోదు ఎంతసేపు నిలుస్తుంది?
5. చీటీ ఉండి పద్దు లేని సందర్భాలు ఈ మూడు నెలల్లో ఉన్నాయా?

ఐదో ప్రశ్నకు "ఉన్నాయి" అని జవాబు వస్తే, మనిషిని అనుమానించే ముందు ఒకసారి మీటరు పెట్టి చూడండి.